వ్యవసాయ శాస్త్ర సంఘాలు: చందాదారులు సరే.. సభ్యులేరీ?

పరిశోధన పత్రం అచ్చు కావాలంటే సభ్యత్వ రశీదు జతచేయవలసిందే. వ్యవసాయ కళాశాలల్లో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులందరికీ తెలిసిన సంగతి ఇది. సిద్ధాంత వ్యాసం పూర్తి చేసి, అందులోని ఒక అధ్యాయాన్ని పత్రంగా మలచి, ఏదైనా శాస్త్ర సంఘం వెలువరించే జర్నల్‌కు పంపితే ముందుగా వచ్చే సమాధానం, ‘రచయితలందరూ సంఘ సభ్యులై ఉండవలెను’ అనే. విద్యార్థి చందా కడతాడు. రశీదు వస్తుంది. ఆ రశీదుతో తానొక రిజిస్టర్డు సంఘంలో ఓటు హక్కు గల సభ్యుడినయ్యానని, ఆ సంఘం జమాఖర్చులను ప్రశ్నించే అధికారం తనకు సంక్రమించిందని మాత్రం అతనికి ఎవరూ చెప్పరు. అతనూ అడగడు. అతనికి కావలసింది పత్రం అచ్చు కావడమే.

వ్యవసాయ శాస్త్ర సంఘాల పాలనలో కానవచ్చే చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. సభ్యుడు ఏ ద్వారం గుండా లోపలికి వచ్చాడన్నదే ఆ సంఘాన్ని ఎవరు ఏలుతారన్నది నిర్ణయిస్తుంది. సంఘం మీది ఆసక్తితో చేరినవారు సర్వసభ్య సమావేశానికి వస్తారు, లెక్కలు అడుగుతారు, ఎన్నికల్లో నిలబడతారు. పత్రం కోసం చేరినవారు పత్రం రాగానే వెళ్లిపోతారు. వారి పేర్లు జాబితాలో ఉంటాయి, కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

ఏడుగురు చాలు

శాస్త్ర సంఘమనగానే ప్రభుత్వ సంస్థ కాబోలనే భ్రమ జనంలో ఉంది. పేరులో ‘ఇండియన్’ అని ఉండటం, కార్యాలయం ఏదో ఒక పరిశోధన సంస్థ ప్రాంగణంలో ఉండటం ఇందుకు కారణం. నిజానికి ఇవి పౌరులు స్వచ్ఛందంగా ఏర్పరచుకున్న సంఘాలు. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సాహిత్య, శాస్త్ర, ధార్మిక ప్రయోజనాల కోసం ఏడుగురు వ్యక్తులు కలిసి సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. మన రాష్ట్రంలో 2001లో ప్రత్యేక చట్టం వచ్చింది. అంతవరకు కోస్తా, రాయలసీమల్లో 1860 చట్టం, తెలంగాణలో 1350 ఫసలీ నాటి నిజాం కాలపు చట్టం అమలులో ఉండేవి. రెంటి స్థానంలోనూ 2001 చట్టం వచ్చింది. 2014 విభజన తరువాత తెలంగాణ కూడా దానినే తన చట్టంగా అన్వయించుకుంది. ఇందులోనూ కనీస సంఖ్య ఏడే.

ఈ సంఘాల చరిత్ర చిన్నది కాదు. భారత మృత్తికా శాస్త్ర సంఘం 1934లో, జన్యుశాస్త్ర, సస్య ప్రజనన సంఘం 1941లో, సస్యశాస్త్ర సంఘం 1955లో ఏర్పడ్డాయి. వ్యవసాయ గణాంక శాస్త్ర సంఘం 1947లో ప్రారంభమైనప్పుడు దాని తొలి అధ్యక్షుడు బాబూ రాజేంద్రప్రసాద్. అప్పటికి ఆయన కేంద్రంలో ఆహార, వ్యవసాయ శాఖల మంత్రి. శాస్త్ర సంఘానికి మంత్రి అధ్యక్షత వహించడం ఆనాడు గౌరవంగానే భావించారు. ఈనాడు అలా జరిగితే ఎవరేమంటారో ఊహించడం కష్టం కాదు.

తెలుగునాట ఈ సంప్రదాయం బాపట్లతో ముడిపడి ఉంది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయ పట్టభద్రుల సంఘమంటే కోయంబత్తూరుదే. అక్కడి విద్యార్థి సంఘం వెలువరించిన ‘మద్రాస్ అగ్రికల్చరల్ జర్నల్’లోనే తెలుగు జిల్లాల ప్రయోగ ఫలితాలూ అచ్చయ్యేవి. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ మరుసటి ఏడే, 1954లో, ‘ఆంధ్రా అగ్రికల్చరల్ జర్నల్’ బాపట్ల నుంచి మొదలైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడటానికి పదేళ్ల ముందు మాట ఇది. విశ్వవిద్యాలయం 1964లో గానీ రాలేదు. అంటే ఇక్కడ పత్రిక ముందు పుట్టింది, విశ్వవిద్యాలయం తరువాత పుట్టింది. తరువాతి దశాబ్దాల్లో హైదరాబాద్‌లోని జాతీయ సంస్థల చుట్టూ మరికొన్ని సంఘాలు వెలిశాయి. నూనెగింజల పరిశోధన సంఘం, సస్య రక్షణ సంఘం రాజేంద్రనగర్‌లోను, మెట్ట వ్యవసాయ సంఘం సంతోష్‌నగర్‌లోని క్రీడా ప్రాంగణంలోను స్థిరపడ్డాయి.

మార్కుల వేట

పత్రం కోసం ఇంత ఆరాటమెందుకన్నది సామాన్య పాఠకుడి సందేహం. శాస్త్రవేత్త ఉద్యోగం, పదోన్నతి రెండూ మార్కులతో ముడిపడి ఉన్నాయి. వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి గానీ, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు గానీ అభ్యర్థి ప్రచురించిన పత్రాలకు విలువ కట్టేటప్పుడు జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ జర్నళ్లకు ఇచ్చే రేటింగును ఆధారం చేసుకుంటాయి. ‘నాస్ స్కోరు’ అని క్యాంపస్‌లలో వినిపించేది ఇదే. అంతర్జాతీయ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న పత్రికలకు ఆ అంకెకు 6 కలిపి స్కోరు కడతారు. అది లేని పత్రికలకు గరిష్ఠంగా 6 వరకే. దేశీయ సంఘాల పత్రికలు అత్యధికం ఈ రెండో వరుసలోనే ఉన్నాయి. 1990లో ఏర్పడిన ఆ అకాడమీ కూడా సొసైటీయే. ఒక సంఘం మరో సంఘపు పత్రికకు మార్కులు వేస్తే, ఆ మార్కులు ప్రభుత్వ ఉద్యోగాలను నిర్ణయిస్తున్నాయన్నమాట. స్కోరు పెరిగిన ఏడాది ఆ సంఘానికి సభ్యత్వ దరఖాస్తులు వెల్లువెత్తుతాయి. తగ్గిన ఏడాది ఆగిపోతాయి.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఉదాహరణకు వార్షిక చందా వెయ్యి రూపాయలనుకుందాం. విద్యార్థి, అతని గైడు, సలహా సంఘంలోని మరో ఇద్దరు ఆచార్యులు రచయితలైతే నాలుగు వేలు. ఆపైన కొన్ని పత్రికలకు ముద్రణ రుసుము వేరు. పెద్దలు అప్పటికే శాశ్వత సభ్యులైతే సరి, కాకపోతే ఆ మొత్తం విద్యార్థి జేబులోంచే పోవడం కళాశాలల్లో వింత కాదు. ఈ నిబంధన పెట్టాలా వద్దా, విద్యార్థులకు రాయితీ ఇవ్వాలా వద్దా అని నిర్ణయించేది సంఘ కార్యవర్గం. ఆ కార్యవర్గాన్ని ఎన్నుకునేది సభ్యులు. సభ్యుల్లో ఆ భారం మోస్తున్న విద్యార్థీ ఒకడు. వలయం పూర్తిగానే ఉంది గానీ, ఆచరణలో ఒకచోట తెగిపోయింది.

చందా బకాయి.. ఓటు హుళక్కి

1860 చట్టం 15వ సెక్షన్ సభ్యుడెవరో నిర్వచించింది. నియమావళి ప్రకారం చేరి, చందా చెల్లించి గానీ జాబితాలో సంతకం చేసి గానీ ఉన్నవాడు, రాజీనామా చేయనివాడు సభ్యుడు. అయితే మూడు నెలలకు మించి చందా బకాయి పడినవాడికి ఓటు లేదు. అతడిని సభ్యుడిగా లెక్కించడానికే వీలు లేదు. పత్రం కోసం ఒక్క ఏడాది చందా కట్టిన విద్యార్థి మరుసటి సంవత్సరం ఈ నిబంధన కింద నిశ్శబ్దంగా రాలిపోతాడు. ఎన్నికలు రెండేళ్లకో మూడేళ్లకో వస్తాయి. అప్పటికి ఓటర్ల జాబితాలో మిగిలేది శాశ్వత సభ్యులే.

ఆ శాశ్వత సభ్యుల్లోనూ ఎందరు ఓటు వేస్తారన్నది వేరే ప్రశ్న. సర్వసభ్య సమావేశాన్ని సాధారణంగా జాతీయ సదస్సుతో కలిపి, అదే ఊళ్లో, తరచు సాయంత్రం వేళ ఏర్పాటు చేస్తారు. ఖర్చు కలిసివస్తుందన్నది అందుకు కారణం, అందులో తప్పు లేదు. కానీ సదస్సు లుధియానాలోనో జోర్హాట్‌లోనో జరిగితే శ్రీకాకుళం జిల్లా నైరా కళాశాల నుంచి, జగిత్యాల దగ్గరి పొలాస నుంచి, అశ్వారావుపేట నుంచి వెళ్లగలిగేది ఎందరు? సదస్సు రుసుము, రైలు చార్జీలు, సెలవు అన్నీ కలిసిరావాలి. కోరం లేకపోతే సమావేశాన్ని అరగంట వాయిదా వేసి, తరువాత వచ్చినవారితోనే కొనసాగించవచ్చన్న నిబంధన చాలా నియమావళుల్లో కానవస్తుంది. ఆ అరగంటలో టీ తాగి వచ్చినవారే ఆ సంవత్సరానికి సంఘం. బడ్జెటు, చందా పెంపు, నియమావళి సవరణ అన్నీ వారి చేతుల మీదుగానే ఆమోదం పొందుతాయి. మోసమేమీ జరగదు. అంతా నిబంధనల ప్రకారమే జరుగుతుంది.

దూరం మరో రూపంలోనూ పని చేస్తుంది. జాతీయ స్థాయి సంఘాలు అనేకం న్యూఢిల్లీ పూసా ప్రాంగణ పరిసరాల్లో ఉన్నాయి. పత్రిక సంపాదకత్వం, బ్యాంకు ఖాతా, ఉత్తరప్రత్యుత్తరాలు నడవాలంటే కార్యదర్శి, కోశాధికారి, ప్రధాన సంపాదకుడు కేంద్ర కార్యాలయం ఉన్న ఊళ్లోనే ఉండాలన్నది సహేతుకమే. మిగతా ప్రాంతాలకు ఉపాధ్యక్ష పదవులు, మండల ప్రతినిధుల స్థానాలు కేటాయిస్తారు. ఫలితంగా లాం ఫారంలో పని చేసే శాస్త్రవేత్త ఉపాధ్యక్షుడు కాగలడు గానీ చెక్కు మీద సంతకం పెట్టే స్థానానికి చేరడం అరుదు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సంఘాల్లో ఇదే సౌలభ్యం హైదరాబాద్ వారికి దక్కుతుంది. పంజాబ్ శాస్త్రవేత్త అక్కడ ఉపాధ్యక్షుడు.

శాశ్వత సభ్యత్వం.. శాశ్వత భారం

శాశ్వత సభ్యత్వ రుసుము సంఘానికి వరంలా కనిపించే అప్పు. ఒక్కసారి డబ్బు వస్తుంది, బాధ్యత సభ్యుడి జీవితాంతం ఉంటుంది. అయిదు వేలు కట్టిన సభ్యుడి సొమ్మును ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి వచ్చేది 325 రూపాయలు. దానితోనే నాలుగు సంచికలు అచ్చు వేసి పంపాలి. ఎప్పుడో అయిదు వందలు కట్టి చేరిన పెద్దల సంగతైతే మరీ విచిత్రం. ఆరు శాతం లెక్కన వారి సొమ్ముపై ఏటా వచ్చేది 30 రూపాయలు. ఈ రోజుల్లో దానికి ఒక్క సంచిక ముద్రణ కూడా కాదు.

అందుకే శాశ్వత చందాలను ఖర్చు చేయకుండా కార్పస్ నిధిగా డిపాజిటు చేసి, వడ్డీని మాత్రమే వాడుకోవాలన్నది మంచి సంఘాల పద్ధతి. ఈ నియమం గాలికి వదిలేసిన చోట కొత్త సభ్యుడి రుసుముతో పాత సభ్యుడి సంచిక అచ్చవుతుంది. కొత్తవారి రాక నిలిచిన నాడు అసలు రంగు బయటపడుతుంది. చేరేవారిని పెంచుకోవడానికి పత్రం నిబంధనే సులభమైన మార్గం కనుక దానిని సడలించడానికి కార్యవర్గాలు జంకుతాయి. సంచికలను ముద్రించడం మానేసి అంతర్జాలంలో మాత్రమే ఉంచాలన్న నిర్ణయం ఇందుకు ఒక విరుగుడు. దానిపై పెద్దవయసు సభ్యులు ‘మేము కట్టింది పుస్తకం కోసం’ అని అభ్యంతరం చెబితే, అదీ న్యాయంగానే ఉంటుంది.

కుర్చీకి అనుమతి కావాలి

సంఘాల్లో పదవులు నిర్వహించేవారు అత్యధికులు ఉద్యోగంలో ఉన్న శాస్త్రవేత్తలే. వారికి జీతం ఇచ్చేది సర్కారు, సంఘం పని సాయంత్రాల్లోనో సెలవు రోజుల్లోనో చేసే సేవ. కేంద్ర సర్వీసుల ప్రవర్తనా నియమావళి (1964) భారత వ్యవసాయ పరిశోధన మండలి ఉద్యోగులకూ వర్తిస్తుంది. అందులోని 15వ నియమం ఇక్కడ ఒక సన్నని గీత గీసింది. రిజిస్టరైన శాస్త్ర సంఘం నిర్వహణలో పాల్గొనడానికి ముందస్తు అనుమతి అక్కరలేదు. కానీ ఎన్నికైన పదవి చేపట్టాలన్నా, ఆ పదవికి పోటీ చేసేవారి తరఫున ప్రచారం చేయాలన్నా అనుమతి తప్పనిసరి. కార్యదర్శి పదవికి నిలబడాలనుకునే శాస్త్రవేత్త మొదట తన డైరెక్టరు గడప తొక్కాలి. ఆ డైరెక్టరే అదే సంఘానికి అధ్యక్షుడైన సందర్భాలూ ఉండవచ్చు. అప్పుడు పోటీ అన్న మాటకు ఎంత అర్థం మిగులుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు. ఏకగ్రీవ ఎన్నికలకు మన శాస్త్ర సంఘాల్లో కొరత లేకపోవడానికి సౌహార్దం ఒక్కటే కారణం కాదు.

బదిలీల బెడద వేరు. కార్యదర్శికి బదిలీ అయితే రికార్డులు, బ్యాంకు సంతకాలు, పాత రశీదు పుస్తకాలు చేతులు మారాలి. అది సక్రమంగా జరగని చోట మూడేళ్ల తరువాత శాశ్వత సభ్యుల జాబితా కూడా దొరకదు. ‘నేను 1990ల్లోనే చేరాను’ అని చెప్పే సభ్యుడి దగ్గర రశీదు ఉంటే సరే, లేకుంటే మళ్లీ కట్టవలసిందే.

రైతుకు చోటెక్కడ

ఇంతవరకు చెప్పినవన్నీ చందాతో చేరే సంఘాలు. అదే 1860 చట్టం కింద, అసలు చందా ప్రసక్తే లేని సంఘం ఒకటి ఉంది. అది భారత వ్యవసాయ పరిశోధన మండలి. వ్యవసాయంపై రాయల్ కమిషన్ చేసిన సిఫార్సు మేరకు 1929 జులై 16న సొసైటీగా రిజిస్టరైంది. కేంద్ర వ్యవసాయ మంత్రి దానికి అధ్యక్షుడు. రాష్ట్రాల మంత్రులు, పార్లమెంటు సభ్యులు, శాస్త్రవేత్తలు, రైతు ప్రతినిధులు అందులో సభ్యులు. నామినేషను ద్వారా వచ్చినవారిని లోపలికి పిలిచినవారే బయటికి పంపనూ గలరు. 2025 మేలో ఇది తేటతెల్లమైంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ రూపొందించిన రకంతో సహా రెండు జన్యు సవరణ వరి వంగడాలను కేంద్రం ఆ నెల మొదట్లో ప్రకటించింది. వాటి గురించి చెప్పిన గొప్పలపై పాలక మండలిలోని ఒక రైతు ప్రతినిధి బహిరంగంగా సందేహాలు వెలిబుచ్చారు. కొద్ది రోజులకే ఆయన సభ్యత్వం రద్దయింది. ఆయన ప్రవర్తన సరిగా లేదన్నది మండలి వాదన. ఎవరి వాదన ఎలా ఉన్నా, రైతు ప్రతినిధి గొంతుకు నామినేషను ఇచ్చే రక్షణ ఎంతటిదో ఆ ఉదంతం తెలిపింది.

చందా సంఘాల్లో ఈ ప్రమాదం తక్కువ. చందా కట్టిన సభ్యుడిని తొలగించాలంటే నియమావళి చెప్పిన కారణం ఉండాలి, నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ వినాలి. అయినా వాటిలో రైతులు వేళ్ల మీద లెక్కించదగినంత మంది కూడా కనిపించరు. సంబంధిత శాస్త్రంపై ఆసక్తి గల ఎవరినైనా చేర్చుకునే వీలు ఉన్న సంఘాల్లోనూ రైతును రమ్మన్నవారు లేరు. పత్రిక ఆంగ్లంలో ఉంటుంది, సదస్సు ఆంగ్లంలో సాగుతుంది, సభ్యత్వ ఫారంలో ‘విద్యార్హత, హోదా’ అన్న గళ్లు ఉంటాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయ పాలక మండలిలో అభ్యుదయ రైతుకు చట్టమే చోటు కల్పించింది. సంఘాలకు అలాంటి చట్టం లేదు, ఉండనక్కరలేదు కూడా. ఒక తీర్మానం చాలు.

అమెరికాలో ఈ చిక్కును కొంత వేరే దారిలో విప్పుకున్నారు. అక్కడి సస్యశాస్త్ర సంఘం 1907లో, మృత్తికా శాస్త్ర సంఘం 1936లో, పంటల శాస్త్ర సంఘం 1955లో ఏర్పడ్డాయి. మూడింటికీ వేరు వేరు పాలక వర్గాలు, మాడిసన్ నగరంలో ఒకే ఉమ్మడి కార్యాలయం, జీతాలు తీసుకునే సిబ్బంది. కార్యదర్శి బదిలీ అయితే రికార్డులు పోతాయన్న భయం లేదు. పొలాల్లో తిరిగి సలహాలు ఇచ్చే నిపుణులకు పరీక్ష పెట్టి ధ్రువీకరణ ఇచ్చే కార్యక్రమాన్నీ సస్యశాస్త్ర సంఘం నడుపుతోంది. దానితో విశ్వవిద్యాలయాల వెలుపలి వారికీ సంఘంతో పని పడింది. అయితే అక్కడి చందాలు డాలర్లలో ఉంటాయి. మన రాజేంద్రనగర్‌లో ఒక గది, ఒక బీరువా, సాయంత్రం పూట వచ్చే గుమస్తాతో నడిచే సంఘాన్ని దానితో పోల్చడం సబబు కాదు. ఒకే ప్రాంగణంలోని రెండు మూడు సంఘాలు ఒక కార్యాలయాన్ని, ఒక ఆడిటరును పంచుకోవడానికి మాత్రం డాలర్లు అవసరం లేదు.

సభ్యుడు ఏం అడగవచ్చు

1860 చట్టం చిన్నది. ఎన్నిక ఎలా జరపాలో అందులో లేదు; అదంతా సంఘం తన నియమావళిలో రాసుకోవాలి. కనుక సభ్యత్వం తీసుకునే ప్రతివారూ రశీదుతో పాటు నియమావళి ప్రతిని కూడా అడిగి తీసుకోవడం ఉత్తమం. ఓటు ఎప్పుడు వస్తుంది, పోస్టు ద్వారా వేయవచ్చా, అంతర్జాలం ద్వారా వీలుందా, కోరం ఎంత అన్నవి అందులోనే ఉంటాయి. కొవిడ్ కాలంలో 2020, 2021లో సదస్సులు, సమావేశాలు తెర మీదికి మారాయి. నైరాలో కూర్చున్న సభ్యుడు సైతం చేయెత్తగల వీలు అప్పుడు ఏర్పడింది. ఆ వెసులుబాటును నియమావళిలోకి ఎక్కించిన సంఘమేదో, మళ్లీ సాయంత్రపు సమావేశానికే మరలిన సంఘమేదో సభ్యులు అడిగి తెలుసుకోవచ్చు.

సంఘం ఆశయాన్నే మార్చాలన్నా, మరో సంఘంలో విలీనం చేయాలన్నా 1860 చట్టం గట్టి కట్టడి విధించింది. సభ్యులకు పది రోజుల ముందు ప్రతిపాదన అందాలి. ప్రత్యేక సమావేశంలో అయిదింట మూడు వంతుల ఓట్లు రావాలి. నెల గడిచాక రెండో సమావేశంలో మళ్లీ అంతే బలంతో ధ్రువీకరించాలి. సంఘాన్ని రద్దు చేసినా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. అది మరో సంఘానికే చెందాలి.

వివాదం వస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లో అమలులో ఉన్న 2001 చట్టం 23వ సెక్షన్ దారి చూపుతుంది. సభ్యుడు మధ్యవర్తిత్వ చట్టం కింద వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. అంతవరకు వెళ్లనక్కర లేకుండా రికార్డులు చూసే మార్గమూ ఉంది. రిజిస్ట్రారు వద్ద దాఖలైన పత్రాలను సభ్యుడే కానవసరం లేదు, ఎవరైనా తనిఖీ చేయవచ్చని 1860 చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టంలో రాసి ఉన్న రుసుము తనిఖీకి ఒక రూపాయి, ధ్రువీకరించిన నకలుకు నూరు మాటలకు రెండణాలు. రాష్ట్రాలు తరువాత ఈ రేట్లను సవరించుకున్నాయి. మన దగ్గర సొసైటీల పత్రాలు ఉండేది జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో. కార్యవర్గ సభ్యుల జాబితాను సంఘం ఏటా అక్కడ దాఖలు చేయాలి. చివరిసారి ఏ సంవత్సరంలో దాఖలు చేసిందో చూస్తే, ఆ సంఘంలో సర్వసభ్య సమావేశం చివరగా ఎప్పుడు జరిగిందో కూడా చాలావరకు తెలిసిపోతుంది.